పాత ఎస్టీమ్‌కి కోన్ ఫిల్టర్: మన ఎండకీ దుమ్ముకీ పనికొస్తుందా, ఉత్త సౌండేనా?

టవర్ క్లాక్ దగ్గర (అనంతపురం):
అన్నలారా, నాది 2003 మారుతి ఎస్టీమ్ కారు, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ కాదు, పెట్రోలు ఇంజెక్షన్ బండి). ఇంజన్ ఇంతవరకు విప్పలేదు, ఆయిల్ తాగదు, పొగ లేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు విరిగిపోయి ఇప్పుడు తీగతో కట్టి నడుపుతున్నా. షెడ్డులో చూపిస్తే "ఆ డబ్బా ఎందుకన్నా, తీసి పారేసి కోన్ ఫిల్టర్ వేసుకో, పికప్ పెరుగుతుంది, మైలేజీ కూడా వస్తుంది" అన్నాడు. అదే, డబ్బా లేకుండా హోస్ కొసకు నేరుగా బిగించే శంకు ఆకారం ఫిల్టర్. మా బావమరిది వద్దంటాడు, ఎందుకు వద్దో అడిగితే చెప్పడు. బండి ఎక్కువగా తాడిపత్రి రోడ్డు మీదే తిరుగుతుంది. వేయొచ్చా, వద్దా?

బురుజు కింద బండి (కర్నూలు):
వేసెయ్ బ్రో, ఇందులో ఆలోచించడానికేముంది. నా జెన్‌కి వేశా. ఓర్వకల్లు దాటాక ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో తొక్కినప్పుడు ముందు నుంచి వచ్చే ఆ శబ్దానికే పెట్టిన డబ్బులు వచ్చేసినట్టు. పికప్ పెరిగింది, అనుమానమే లేదు. కంపెనీవాళ్లు శబ్దం తగ్గించడానికని డబ్బాలో గూళ్లూ మలుపులూ పెట్టి ఇంజన్ గొంతు నొక్కేస్తారు. ఎస్టీమ్ తయారీ 2007లోనే ఆగిపోయింది, ఇంకా కంపెనీ డబ్బానే కావాలంటే ఎక్కడ వెతుకుతావ్?

తాడిపత్రి బండ:
ఓర్వకల్లు రోడ్డు వేరు, మా రోడ్డు వేరు సామీ. ఇక్కడ బండల ఫ్యాక్టరీలు, సిమెంటు లారీలు, ముందు లారీ పోతే వెనకున్నోడికి పట్టపగలే లైట్లు వేసుకోవాల్సిన పరిస్థితి. కంపెనీ డబ్బాలో పేపర్ ఫిల్టర్ విప్పి చూస్తే బయటి వైపు బూడిద రంగు, లోపలి వైపు తెల్లగా ఉంటుంది. అదే మావాడొకడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన కోన్ వేసుకున్నాడు, పేరూ ఊరూ లేని సరుకు. కొన్నాళ్లకు హోస్ విప్పి లోపల వేలు పెట్టి తుడిస్తే వేలికి పిండి అంటినట్టు అంటుకొచ్చింది. అదంతా పోయేది ఎక్కడికి? సిలిండర్‌లోకే.

ఇంకోటి. నాపరాయి పొడి కాస్త నయం, అది సున్నపురాయి, మెత్తన. గ్రానైట్ కోసే చోట లేచే పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది, ఇనుము కంటే గట్టిది. పిస్టన్ రింగులనూ సిలిండర్ బోరునూ అరగదీసేది అదే. ఇంజన్ ఇంకా విప్పలేదంటున్నావు కదా, విప్పే రోజును నువ్వే దగ్గరికి పిలుచుకోకు.

బురుజు కింద బండి:
అది చవక సరుకు సంగతి. కే అండ్ ఎన్ లాంటి వాటిలో నూనె పట్టించిన కాటన్ పొరలు ఉంటాయి, దుమ్ము ఆ నూనెకు అంటుకుంటుంది. కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఎవడో చెత్తది కొన్నాడని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

షెడ్డు మనిషి (ప్రొద్దుటూరు):
మంచి కంపెనీది అయితే ఫిల్టర్‌లో తప్పు లేదు, మనవాళ్లు వాడే పద్ధతిలో ఉంది. కడిగి ఎండలో ఆరబెట్టి, నూనె పెట్టకుండా అలాగే బిగించేస్తారు. నూనె లేని కాటన్ దుమ్మును సరిగా ఆపలేదు. ఇంకొందరు కారిపోయేంత పోస్తారు, లోపలికి పోయే గాలిని వేడి తీగతో కొలిచే మాఫ్ సెన్సార్ బండ్లలో ఆ నూనె సెన్సార్‌కి పట్టి రీడింగ్ తప్పుతుంది. ఎస్టీమ్‌కి ఆ బాధ లేదు, దానిది మ్యాప్ సెన్సార్, గాలి పీడనం చూసేది.

కోన్ వేసి వచ్చే బండ్లలో నేను ముందు చూసేది ఫిల్టర్ కాదు, ఇంజన్ పైనుండే టాపెట్ కవర్ నుంచి వచ్చే బ్రీదర్ హోస్, అంటే ఇంజన్ లోపలి ఆవిర్లు పోయే గొట్టం. అది ఫిల్టర్ దాటిన శుభ్రమైన గాలికి కలవాలి. డబ్బా తీసేయగానే దాన్ని పెట్టడానికి చోటు దొరక్క గాలికి వదిలేస్తారు. అప్పుడు నువ్వు ఎంత ఖరీదైన ఫిల్టర్ వేసినా ఆ రంధ్రం గుండా దుమ్ము నేరుగా ఆయిల్‌లోకి పోతుంది. గాలి వేడి చూసే సెన్సార్ డబ్బాలోనో హోస్‌లోనో ఉంటుంది, అదీ అంతే, ఊడదీసి వైరుకు వేలాడదీస్తారు. ఇంజన్ పీల్చే గాలి ఒకటి, సెన్సార్ చూసే గాలి ఇంకొకటి అయితే కంప్యూటర్ పెట్రోలు లెక్క ఎట్లా సరిపోతుంది?

కొలత మనిషి (కడప):
మాటలతో కొట్టుకోవడం ఎందుకు, కొలవండి. ఆక్వేరియం షాపులో దొరికే సన్నని పారదర్శక గొట్టం తీసుకుని ఒక కొసను ఫిల్టర్ తర్వాతి హోస్‌లోకి దూర్చి చుట్టూ గాలి పోకుండా మూయాలి. మిగతాది కారు లోపలికి తెచ్చి యూ ఆకారంలో వంచి స్కేలుకు కట్టి సగం వరకు రంగు నీళ్లు పోయాలి. నువ్వు రోడ్డు చూడు, రీడింగ్ పక్కన కూర్చున్న మనిషి చూస్తాడు (బావమరిదిని కూర్చోబెట్టు, కారణం దొరుకుతుంది). రెండో గేర్‌లో పూర్తిగా తొక్కి, ఇంజన్ నిమిషానికి 5500 చుట్లు తిరిగేదాకా లాగినప్పుడు రెండు వైపులా నీళ్ల ఎత్తులో ఎంత తేడా వస్తే, డబ్బా, ఫిల్టర్ కలిసి గాలికి పెడుతున్న అడ్డు అంత.

వాతావరణ పీడనం సుమారు 10 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. కాబట్టి 10 సెంటీమీటర్ల తేడా వచ్చినా అది ఒక్క శాతం. ఎస్టీమ్ ఎంపీఎఫ్ఐ 85 హార్స్‌పవర్ బండి, అడ్డు మొత్తం మాయమైపోయినా ఒక్క హార్స్‌పవర్ కూడా నిండుగా రాదు.

ఇప్పుడు వేడి సంగతి. మే నెలలో అనంతపురంలో బయట 40 డిగ్రీలు, బానెట్ కింద 70 అనుకుందాం. ఆ 30 డిగ్రీలకు గాలి సాంద్రత 9 శాతం తగ్గుతుంది. పవర్ పూర్తిగా 9 శాతం పడిపోదు, సగం పడిందనుకున్నా నాలుగున్నర. ఒకటి సంపాదించడానికి నాలుగున్నర పోగొట్టుకునే బేరం ఇది. పైగా వేడి గాలితో నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజన్ టకటక కొట్టడం) తొందరగా వస్తుంది. కంపెనీ డబ్బా ముక్కు బయటి గాలి వైపు తిరిగి ఉండేది ఇందుకే.

బురుజు కింద బండి:
70 అనేది సిగ్నల్ దగ్గర నిలబడినప్పటి లెక్క అన్నా. 80 మీద పోతుంటే గ్రిల్ నుంచి గాలి కొట్టి లోపల చల్లబడుతుంది. ఇంజన్‌కీ కోన్‌కీ మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం పెట్టించుకుంటే ఇంకా తగ్గుతుంది. నేను పెట్టించా. మరి నాకు తెలిసిన ఆ పికప్ సంగతేంటి, నా నడుము అబద్ధం చెబుతుందా?

కొలత మనిషి:
నడుము కాదు, చెవి. సౌండ్ పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది, అందరికీ అంతే. ఒకే రోడ్డు, ఒకే పూట, మూడో గేర్‌లో 40 నుంచి 80కి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో వీడియో తీసి చూడు, రెండు వైపులా పోయి సగటు తీయి. వైరు ఉండే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కోన్ పక్కన కట్టు. రేకు పనిచేస్తే అందులో తెలిసిపోతుంది, నేనూ ఒప్పుకుంటా.

గండికోట డీజిల్:
మైలేజీ సంగతి ఎవరూ మాట్లాడలేదు. 2009లో అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవాళ్లు మూసుకుపోయిన ఫిల్టర్లతో పరీక్ష చేశారు. ఇంజెక్షన్ పెట్రోలు బండ్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ పెద్దగా తగ్గలేదు, పికప్ తగ్గింది. పాత కార్బురేటర్ బండిలో మాత్రం 2 నుంచి 6 శాతం దాకా తేడా వచ్చింది. మామూలుగా నడిపేటప్పుడు థ్రోటిల్ (ఇంజన్‌కి గాలి వదిలే మూత) సగం మూసే ఉంటుంది కాబట్టి, ముందు ఫిల్టర్ అడ్డు కొంచెం తగ్గినా పెరిగినా నీ కాలు దాన్ని సర్దేస్తుంది. మూసుకుపోతేనే తగ్గని మైలేజీ బాగా తెరిస్తే ఎందుకు పెరుగుతుంది? ఆ షెడ్డాయన్ని ఇదొక్కటి అడుగు.

టవర్ క్లాక్ దగ్గర:
లెక్కలు బాగున్నాయి అన్నా. ఇంకొక టెన్షన్. 2028లో ఆర్‌సీ మళ్లీ రెన్యువల్‌కు పోవాలి. కోన్ ఉంటే ఫిట్‌నెస్‌లో పట్టుకుంటారా?

గండికోట డీజిల్:
మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పుల గురించి. ఆర్‌సీలో ఎయిర్ ఫిల్టర్ రాయరు కాబట్టి దీని మీద వాదించుకోవచ్చు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకు, ఒక్కోదానికి 5000 జరిమానా, జైలు కూడా రాసి ఉంది. ఇన్‌స్పెక్టర్ ముందు వాదన గెలవడం కంటే ఆ రోజుకు డబ్బా బిగించుకుని పోవడం సుఖం, డబ్బా పారేయకుండా ఉంటే.

తాడిపత్రి బండ:
నా మాట విను. పాత సామాన్ల అంగళ్లలో ఎస్టీమ్ డబ్బా అడుగు, దొరక్కపోతే వెడల్పు హోస్ క్లాంపో, రబ్బరు బెల్టో వేసి గట్టిగా బిగించు. తీగ మాత్రం వద్దు, ఒక మూల లేచినా ఫిల్టర్ పక్క నుంచి దుమ్ము పోతుంది, అప్పుడు నీ డబ్బా కోన్ కంటే అధ్వానం. ఫిల్టర్‌ని కంప్రెసర్ గాలితో కొట్టించకు, పేపర్‌కి కంటికి కనపడని చిల్లులు పడతాయి. మా రోడ్డు మీద తిరిగే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్లలో సగానికే కొత్తది వేసుకో, మూడు నాలుగు వందలతో పోతుంది.

టవర్ క్లాక్ దగ్గర:
సరే, ముందు డబ్బా వెతుకుతా. గొట్టం, రంగు నీళ్ల పని కూడా చేసి రీడింగ్ ఇక్కడే పెడతా. 10 సెంటీమీటర్ల కంటే బాగా ఎక్కువ వస్తే మాత్రం కర్నూలు బ్రో మాట మళ్లీ ఆలోచిస్తా.

బురుజు కింద బండి:
పెట్టు, నేనూ జెన్‌కి థర్మామీటర్ కట్టి వీడియో పెడతా. నంబర్లు ఎట్లా వచ్చినా కోన్ తీసేది లేదు, ఆ సౌండ్ నాకు కావాలి. దానికి హార్స్‌పవర్ సాకు అక్కర్లేదు.

షెడ్డు మనిషి:
తీయొద్దులే. బ్రీదర్ హోస్ ఎక్కడ కలిపారో ముందు ఒక ఫొటో పెట్టు.