ప్రసంగంలో లోటుపాట్లు సంఘ కాపరికి (పాస్టరుకు) చెప్పాలా, వద్దా?

సువార్త_కలం: వందనాలు. ఆరాధన అవ్వగానే "బాగా చెప్పారు అయ్యగారూ" అనేసి వెళ్తాం. దాంతో వచ్చే వారానికి ఆయనకు పనికొచ్చేది ఏమీ ఉండదు. పెద్దలు ప్రసంగాన్ని పరిశీలించి చెప్పే పద్ధతి సంఘంలో ఉండాలంటాను.

పాతబాట: వద్దు బ్రదర్. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" (కీర్తన 105:15). పెన్ను పట్టుకుని తప్పులు వెతికేవాడికి ఆ వారం ఆత్మీయాహారం దక్కదు. ముందు ఇద్దరు పెద్దలు, తర్వాత రెండు ముఠాలు.

బెరయ_వాసి: అన్నా, పైనున్న 14వ వచనం కూడా చదవండి. అబ్రాహాము వంటి పితరులకు హాని చేయకుండా దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. బోధను పరీక్షించొద్దని అక్కడ లేదు. పౌలు చెప్పిందే నిజమో కాదో చూడ్డానికి బెరయ పట్టణంవారు రోజూ లేఖనాలు తిరగేశారు (అపొస్తలుల కార్యములు 17:11), వాళ్లను ఘనులనే రాశారు.

పెన్ను సంగతి ఒప్పుకుంటా. ఆరాధనలో వద్దు, రికార్డింగ్ విని రాయాలి. ఇద్దరు చాలు: ఒక పెద్ద, ఒక యౌవనస్థుడు. ముందు చూడాల్సింది మూలవాక్యం, అంటే ప్రసంగానికి ఆధారమైన వచనం, దాని సందర్భం. యిర్మీయా 29:11ను కొత్త సంవత్సర వాగ్దానంగా ఇస్తుంటారు. పై వచనంలోనే బబులోనులో 70 ఏళ్లు ఉంది. అది దాటేసి "ఈ ఏడాదే మీకు ఇల్లు" అంటే వాక్యం చేయి జారినట్టే. తర్వాత, విన్న ముగ్గురిని విడివిడిగా "ఇవాళ్టి వాక్యం దేని గురించి?" అని అడగండి. మూడు రకాల జవాబులొస్తే అక్కడ మూడు ప్రసంగాలు జరిగాయన్నమాట. 45 నిమిషాల్లో 20 పలకరింపులకూ సాక్ష్యాలకూ పోతే అన్వయం, అంటే దాన్ని మన బతుకులో ఎలా పాటించాలో చెప్పడం, చివరి 3 నిమిషాల్లో ఇరుక్కుంటుంది. "ఆమేన్ చెప్పండి" ఎక్కడ పడుతోందో కూడా గమనించండి, తర్వాతి పాయింటు వెతుక్కునే చోటే ఎక్కువ.

తర్జుమా_అక్క: యౌవనస్థుడు ఎందుకు కావాలంటే, ఆ యిర్మీయా 29:11లోనే "సమాధానకరమైన ఉద్దేశములు" అని ఉంది. బడిలో ప్రశ్నలు–సమాధానాలు రాసే పిల్లలకు సమాధానమంటే జవాబే. శాంతి, క్షేమం అని ఒక్క మాట చెబితే చాలు. పెద్దలకు అలవాటైపోయి ఆ తేడా చెవిన పడదు. ఇంకోటి, పక్కన తర్జుమా సాగే ప్రసంగంలో 40 నిమిషాలంటే అసలు విషయం 20 నిమిషాలే. గడియారం చూసేవాళ్లు అది లెక్కలోకి తీసుకోండి.

పాతబాట: సరే, ఎప్పుడు చెబుతారు? గుమ్మం దగ్గర కరచాలనం చేస్తూనా?

బెరయ_వాసి: అస్సలు వద్దు, అప్పటికాయన అలిసిపోయి ఉంటారు. మంగళవారం, ఏకాంతంగా. పూర్తిగా తెలియకుండానే బోధిస్తున్న అపొల్లోను అకుల, ప్రిస్కిల్ల దంపతులు సమాజమందిరంలో ఆపలేదు, చేర్చుకుని విశదపరిచారు (అపొ. 18:26). బాగున్నది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటే, అదీ నిమిషంతో సహా. ఏడు చెబితే ఏదీ మారదు. వాట్సాప్ గ్రూపులో పొరపాటున కూడా పెట్టొద్దు.

పాతబాట: సందర్భం తప్పిందని మంగళవారం తెలిస్తే ఏం లాభం? ఆదివారమే జనంలోకి వెళ్లిపోయిందిగా. గురువారం ఆయనే అరపేజీ సారాంశం పెద్దలకు చూపిస్తే మాత్రం నాకు అభ్యంతరం లేదు.

సువార్త_కలం: సందర్భం వరకు గురువారమే మేలు. నిమిషాలు, "సమాధానం" లాంటివి మాత్రం పలికాకే బయటపడతాయి. అయినా శనివారం రాత్రి దాకా మూలవాక్యమే ఖాయం కాని చోట గురువారం కాగితం ఎవరిస్తారన్నా?