ఉకైర్ ఒప్పందం 3వ అధికరణం: అరబ్బీ తెలిసినవాళ్లు సాయం చేయగలరా?

1922 డిసెంబరు 2న ఇరాక్‌లోని బ్రిటిష్ హైకమిషనర్ పెర్సీ కాక్స్ సమక్షంలో ఇరాక్‌కూ, ఇబ్న్ సౌద్ ఏలుతున్న మధ్య అరేబియా రాజ్యం నజ్ద్‌కూ మధ్య కుదిరిన ఉకైర్ ఒప్పందంలో 3వ అధికరణం దగ్గర ఆగిపోయాను. సరిహద్దు 'సమీపంలో' ఉన్న బావుల దగ్గర కోటలు కట్టకూడదు, సైన్యాన్ని దించకూడదు అని అందులో ఉంది. ఎన్ని మైళ్లో లేదు. ఎడారిలో బావి ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్లదే కదా, ఈ ఒక్క మాట మీద చాలా ఆధారపడి ఉంది.

1927లో ఇరాక్ బుసయ్యా బావుల దగ్గర పోలీసు ఠాణా కడుతుంటే ఇఖ్వాన్ (నజ్ద్ తెగల యోధులు) దాడి చేసి పనివాళ్లను చంపారు. ఆ చోటు సరిహద్దుకు దూరమని బ్రిటిష్‌వాళ్లు, ఒప్పందానికి విరుద్ధమని ఇబ్న్ సౌద్.

ఇంగ్లీషు పాఠం మూడుసార్లు చదివాను. మ్యాప్‌లో బుసయ్యా నుంచి సరిహద్దు గీత దాకా స్కేలు పెట్టి కొలిచాను. అరబ్బీ వాక్యాన్ని ఫోన్‌లో అనువదిస్తే ఒకసారి 'అంచు', ఇంకోసారి 'చుట్టుపక్కల' అని వచ్చింది. రెండింటికీ చాలా తేడా.

అరబ్బీ పాఠంలో ఆ చోట వాడిన పదం ఏమిటి, అప్పటి నజ్ద్ వాడుకలో దానికి గీత అంచు అని అర్థమా, సరిహద్దు ప్రాంతమంతా అనా?