ఘాట్‌లో కారు లాగకపోతే తప్పు ఎండదా, బ్యాటరీదా?

చంద్రగిరి కారు
మూడేళ్ల ఎలక్ట్రిక్ కారు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ. పోయిన ఆదివారం మధ్యాహ్నం నలుగురం తిరుమల కొండకు బయల్దేరాం. అలిపిరిలో తనిఖీ అయ్యేసరికి చార్జింగ్ 38 శాతం. ఏడెనిమిది మలుపులు తిరిగామో లేదో, డ్యాష్‌బోర్డు మీద తాబేలు బొమ్మ (పవర్ తగ్గించేశాననే గుర్తు) వెలిగింది. పెడల్ పూర్తిగా తొక్కినా స్పీడు 25 దాటలేదు. వెనక బస్సాయన హారన్ మీద చెయ్యి తీయలేదు, మా అమ్మ గోవింద నామం ఆపలేదు. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే “ఎండలకు, ఘాట్‌కు ఈవీలన్నీ ఇంతే సార్” అన్నారు. బయటి మెకానిక్ అయితే బ్యాటరీ ప్యాక్ మొత్తం మార్చాలి, లక్షల్లో పని అన్నాడు. ఎవరి మాట వినాలి?

రేణిగుంట రోడ్డు
సర్వీస్ వాళ్లు చెప్పిందే నిజం. మే నెల ఎండ, నలుగురు మనుషులు, ఫుల్ ఏసీ. బ్యాటరీ గానీ, దాని కరెంటును మోటారుకు మార్చి ఇచ్చే ఇన్వర్టర్ గానీ వేడెక్కితే కంట్రోలర్ దానంతటదే పవర్ తగ్గించేస్తుంది. అట్లా చేయకపోతేనే భయపడాలి. పొద్దున ఆరింటికి బయల్దేరండి, సరిపోతుంది.

పాత ఎలక్ట్రికల్ మాస్టారు
ఎండ మీదకు తోసేసే ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. కారు, మనుషులు కలిపి 1,600 కేజీలు. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. ఆ బరువును అంత ఎత్తుకు తీసుకెళ్లడానికి పట్టేది 3 యూనిట్ల కరెంటు. దారి దాదాపు 18 కిలోమీటర్లు గనక 40 వేగంతో పోతే చక్రాల దగ్గర సగటున 10 కిలోవాట్ల లోపే చాలు. బాగా నిటారుగా ఉన్నచోట 20 అనుకోండి. ఇప్పటి చిన్న కార్ల మోటార్లు కూడా దానికంటే ఎక్కువే ఇవ్వగలవు. 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఇదే ఘాట్ ఎక్కుతున్నాయి, మే నెలలో మానుకుని కూర్చోవడం లేదు కదా!

రేణిగుంట రోడ్డు
బస్సు బ్యాటరీతో కారు బ్యాటరీకి పోలికేంటి మాస్టారూ?

పాత ఎలక్ట్రికల్ మాస్టారు
బస్సు బరువు కూడా ఎక్కువే నాయనా. సరే, బస్సు సంగతి వదిలేద్దాం. కారున్నాయన ఒక్కటి చెప్పాలి: చార్జింగ్ 80 శాతం ఉన్నప్పుడు ఎట్లా లాగుతుంది?

చంద్రగిరి కారు
బాగా లాగుతుంది సార్! ఇప్పుడు ఆలోచిస్తే, 35 కంటే దిగినప్పుడు హైవేలో లారీని దాటబోయినా ఇట్లాగే మొరాయిస్తోంది. అది ఘాట్ కాదు, అప్పుడు టైం రాత్రి తొమ్మిది.

టైర్ల షాపు, చిత్తూరు
అన్నా, ముందు డబ్బులు పోని పనులు చెయ్. ఎకో మోడ్‌లో ఉందేమో చూడు. టైర్లలో గాలి చూడు. ఓ పది కిలోమీటర్లు నడిపి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టు, తాకించొద్దు, దగ్గర పెడితే చాలు. ఒక్కటే కాలిపోతుంటే ఆ చక్రం బ్రేకు పట్టేసినట్టే. మా దగ్గరికి వచ్చిన ఒక బండి ఇంతే, బ్యాటరీ పోయిందని ఏడ్చాడు, తీరా చూస్తే బ్రేకును బిగించే కాలిపర్ తుప్పు.

చంద్రగిరి కారు
అన్నీ చూశాను అన్నా. చక్రాల్లో తేడా లేదు.

పాత ఎలక్ట్రికల్ మాస్టారు
అయితే బ్యాటరీ లోపలి సెల్స్ ఒక్కోటీ చూడాలి. ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ రీడింగులను ఫోనుకు పంపే చిన్న పరికరం) పెట్టి, పక్కన ఇంకొకర్ని ఫోన్ పట్టుకోమని, మీరు పెడల్ తొక్కండి. ఆగి ఉన్నప్పుడు ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ అన్నీ ఒకేలా కనిపిస్తాయి, అందుకే సర్వీస్ బే‌లో అంతా బాగున్నట్టే ఉంటుంది. చార్జింగ్ తగ్గాక లోడ్ పడ్డప్పుడే బలహీనమైనది బయటపడుతుంది. సిరీస్‌లో ఉన్న సెల్స్‌లో ఒక్కదాని వోల్టేజి కుంగినా, దాన్ని కాపాడటానికి బీఎంఎస్ (బ్యాటరీకి కాపలా కాసే కంట్రోలర్) మొత్తం కారు పవర్ కోసేస్తుంది. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం పోవద్దు, అవి ప్రాణం తీస్తాయి.

చంద్రగిరి కారు
మా తమ్ముడు ఫోన్ పట్టుకున్నాడు. ఆగి ఉన్నప్పుడు అన్నీ 3.28 వోల్టులు. గట్టిగా తొక్కగానే మిగతావి 3.1 దగ్గర ఆగాయి, ఒక్కటి 2.74కు పడిపోయింది. కాలు తీయగానే మళ్లీ ఏమీ ఎరగనట్టు పైకొచ్చింది!

రేణిగుంట రోడ్డు
డాంగిల్ రీడింగ్‌ను వాళ్లు ఒప్పుకోరు, చూడండి.

చంద్రగిరి కారు
నిజమే, మొదట ఒప్పుకోలేదు. స్క్రీన్‌షాట్లు చూపించి, లోడ్ మీద రీడింగులు రికార్డు చేయమని రాతపూర్వకంగా అడిగాను. వాళ్ల టెక్నీషియన్ నా పక్కన కూర్చుని కారు నడిపించాక అదే సెల్ దొరికింది. 8 ఏళ్ల బ్యాటరీ వారంటీ ఉంది కాబట్టి ఆ సెల్ ఉన్న మాడ్యూల్ (కొన్ని సెల్స్ కలిపిన కట్ట) ఒక్కటే మార్చి, సెల్స్ అన్నిటినీ సమంగా బ్యాలెన్స్ చేసి ఇచ్చారు. పదకొండు రోజులు పట్టింది. నిన్న మళ్లీ 36 శాతంతోనే, మధ్యాహ్నం రెండింటికే, ఏసీ వేసుకుని కొండెక్కాం. తాబేలు కనపడలేదు.

రేణిగుంట రోడ్డు
నిన్న మబ్బు పట్టి ఉంది కదా.

చంద్రగిరి కారు
మీరూ రండి సామీ, ఎండ కాసే రోజు చూసుకుని పోదాం. వెనక సీటు ఖాళీనే, ఈసారి అమ్మ రానంటోంది.