ఫ్యూజన్ రెస్టారెంటుకు అమ్మానాన్నలను తీసుకువెళ్తున్నాం: ఏం అడగాలి, ఏం తెప్పించుకోవాలి?

గోదావరి గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా అమ్మానాన్నల పెళ్లిరోజు. ఆ సందర్భంగా వాళ్లు తణుకు నుంచి హైదరాబాదు వస్తున్నారు. జూబ్లీహిల్స్‌లో ఇటీవల తెరిచిన ఒక రెస్టారెంటుకు వాళ్లను తీసుకువెళ్లాలని నేనూ మా తమ్ముడూ అనుకుంటున్నాం. మెనూ ముందే చూశాను. గోంగూరతో బుర్రాటా (మీగడ నింపిన ఇటలీ చీజు), పులిహోర రిసోటో (ఇటలీవారి మెత్తటి అన్నపు వంటకం), ఆవకాయ మయోనైజుతో వేయించిన తామరతూడు, ఉలవచారు రామెన్ (జపానువారి నూడుల్సు పులుసు), మిసో (సోయా ముద్ద) పట్టించిన గుత్తివంకాయ, చివర్లో పూతరేకుల టిరామిసు (ఇటలీవారి తీపి వంటకం). ఆంధ్ర, ఇటలీ, జపాను వంటలన్నీ ఒకే పేజీలో ఉన్నాయి.

అమ్మకు కొత్త రుచులంటే ఆసక్తి. నాన్నగారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఆ విషయంలో ఆయన పట్టింపు తెలిసినదాన్ని కనుక నాకు మూడు సందేహాలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల శాకాహారం అని రాసినదాన్ని పూర్తిగా నమ్మవచ్చా? పేరును బట్టి ఏ వంటకం నిజంగా ఆలోచించి చేసినదో, ఏది ఆర్భాటానికి పెట్టినదో పోల్చుకోవడం ఎలా? బిల్లు దగ్గర ఏం చూసుకోవాలి? నాన్నగారు అర్ధాకలితో లేవకూడదన్నదే నా తాపత్రయం. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పొయ్యి సెగ

హోటల్ వంటశాలలో పని చేసేవాడిగా మీ మొదటి ప్రశ్నకే ఎక్కువ జవాబు రాస్తాను, ఎందుకంటే పొరపాట్లు జరిగేది అక్కడే. ఫ్యూజన్ వంటలో మాంసం ముక్కల రూపంలో కనిపించదు, సాసుల్లోనూ పులుసుల్లోనూ కలిసిపోయి వస్తుంది. రామెన్‌నే తీసుకోండి. పైన పుట్టగొడుగులు, టోఫూ మాత్రమే ఉన్నా, అడుగున పోసే పులుసు చాలాచోట్ల దాషితో మొదలవుతుంది. దాషి అంటే కొంబు అనే సముద్రపు నాచును, పొగబెట్టి ఎండబెట్టి చెక్కపొట్టులా తురిమిన బొనీటో చేపను వేడినీళ్లలో వేసి దించిన చారు. కొరియావాళ్ల ఊరగాయ అయిన కిమ్చీలో చేపల సాసు గానీ రొయ్యల ముద్ద గానీ సాధారణంగా పడుతుంది. సీజర్ సలాడు మీద పోసే డ్రెస్సింగులోనూ, ఊస్టర్ సాసులోనూ ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది. ఇటలీలో సంప్రదాయ పద్ధతిలో చేసే పార్మెజాన్ చీజుకు పాలను విరవడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పన్నా కోటా అనే మీగడ తీపి గట్టిపడేది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్‌తో. టిరామిసులో గుడ్డు సొన, చాలాసార్లు మద్యం కూడా ఉంటాయి.

వీటన్నిటికీ శాకాహారపు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి, మంచి వంటశాలలు వాడుతున్నాయి కూడా. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది కనుక ఆకుపచ్చ గుర్తు ఉన్న వంటకంలో గుడ్డు ఉండకూడదు. అయినా ఆ గుర్తు చూసి ఊరుకోవద్దు. టేబుల్ బుక్ చేసేటప్పుడే ఫోనులో "ఈ పులుసు దేనితో కాస్తారు, ఈ సాసులో ఏముంటుంది, ఈ చీజులో ఏ రెన్నెట్ ఉంది" అని వంటకం పేరు చెప్పి అడగండి. "ఇది వెజ్జేనా" అని మాత్రం అడిగితే వడ్డించే కుర్రవాడు మెనూ చూసి అవునంటాడు. వంటశాలలోకి వెళ్లి కనుక్కుని వచ్చి చెప్పేవాళ్లే మీకు కావాలి.

ఇక ఏది ఆలోచించి చేసినది అన్నది. కలిపిన రెండు పదార్థాల్లో ఒక్కొక్కటి ఆ పళ్లెంలో ఏ పని చేస్తోందో చూడండి. గోంగూర పచ్చడికి మనం నెయ్యో వెన్నో తోడు చేసుకుంటాం, ఆ పులుపుకు కొవ్వు కావాలి కాబట్టి. బుర్రాటాను కోస్తే లోపలి నుంచి మీగడ జారుతుంది. అంటే నెయ్యి చేసే పనినే అది చేస్తోంది, ఆ జత నిలబడుతుంది. ఆవకాయ మయోనైజు కూడా అంతే. మయోనైజులో ఎక్కువ భాగం నూనే, దాన్ని విడిపోకుండా పట్టి ఉంచే గుణం ఆవపిండికి ఉంది, మయోనైజులో ఆవ వేయడం యూరపులోనూ ఉన్న పద్ధతే. పులిహోర రిసోటో దగ్గర నాకు నమ్మకం కుదరడం లేదు. పులిహోరకు మెతుకు మెతుకు విడివిడిగా ఉండాలి, పోపులో శనగపప్పు కరకరలాడాలి. రిసోటోకు పొట్టి బియ్యాన్ని కలుపుతూ గంజి బయటికి వచ్చి చిక్కబడేలా ఉడికిస్తారు. ఒకటి కుదిరితే రెండోది చెడుతుంది. ట్రఫుల్ (నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) నూనె చల్లినది ఏదైనా ఉంటే కూడా ఆలోచించండి. బజారులో దొరికే ట్రఫుల్ నూనెల్లో ఎక్కువ భాగం కృత్రిమ సువాసన కలిపినవే, ఆ ఘాటు కింద ఇంగువ, కరివేపాకు వాసనలు బతకవు.

ఈ పని శ్రద్ధగా చేసినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. ఢిల్లీలో 2009లో మొదలైన ఇండియన్ యాక్సెంట్ అనే రెస్టారెంటులో షెఫ్ మనీష్ మెహ్రోత్రా ఘాటైన బ్లూ చీజు నింపిన చిన్న నాన్‌ను ప్రసిద్ధం చేశారు. నాన్ అక్కడ నాన్‌గానే ఉంది, లోపల మారిన ఒక్క రుచే జనానికి గుర్తుండిపోయింది. నేను ఎక్కువగా ఇష్టపడేది ఇటువంటి నిగ్రహాన్నే.

అమీర్‌పేట వాసి

బిల్లు సంగతి నేను చెబుతాను. స్టార్ హోటల్ ఆవరణలో లేని రెస్టారెంటు బిల్లు మీద జీఎస్టీ సాధారణంగా 5 శాతం ఉంటుంది. సర్వీస్ చార్జి పన్ను కాదు, అది రెస్టారెంటు అడిగే సొమ్ము. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. బిల్లులో కనిపిస్తే తీసేయమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. వడ్డించినవారికి మీ ఇష్టం కొద్దీ ఇవ్వాలనుకుంటే వారి చేతికే ఇవ్వండి. నీళ్ల విషయంలో కూడా కూర్చోగానే మామూలు నీళ్లు చాలని చెప్పకపోతే సీసా నీళ్లు తెరిచేస్తారు.

వంటింటి ముచ్చట

అమ్మా, నేను మీ తల్లిగారి వయసుదాన్ని, అందుకే చొరవగా రాస్తున్నాను. పిల్లలు మమ్మల్ని ఇలాంటి చోట్లకు తీసుకువెళ్లినప్పుడు మెనూ తామే చదివి, తామే తేల్చి, మా ముందు పళ్లెం పెడతారు. ప్రేమతోనే చేస్తారు, కానీ మాకు అందులో భాగం లేకుండా పోతుంది. మెనూ నాన్నగారి చేతికి ఇవ్వండి, అక్షరాలు చిన్నవైతే మీరు చదివి వినిపించండి, ఎంపిక మాత్రం ఆయనను చేయనివ్వండి.

పెద్దవాళ్లు కలగలుపు వంటను ఒప్పుకోరన్న భయం కూడా అక్కరలేదు. పోర్చుగీసువారి ద్వారా అమెరికా ఖండం నుంచి మిరపకాయ రాకముందు మన వంటింట్లో కారానికి ఎక్కువగా మిరియాలే దిక్కు. అరబ్బులు గోధుమ, మాంసంతో చేసే హరీస్ హైదరాబాదులో హలీమై 2010లో భౌగోళిక గుర్తింపు పొందింది. మీ నాన్నగారు గోబీ మంచూరియా తిని ఉంటే అది చైనావాళ్లు ఎరగని చైనా వంటకమే. నచ్చితే మేమూ తింటాం.

మీరు జాగ్రత్త పడవలసింది పరిమాణం గురించి. ఇలాంటి చోట పళ్లెం పెద్దది, వంటకం నాలుగు ముద్దలు. అన్నీ ఒకేసారి తెప్పిస్తే చల్లారిపోతాయి, విడివిడిగా తెప్పిస్తే మధ్యలో ఎదురుచూపు. మొదట పంచుకునేవి రెండు, ఆ వెంటనే అన్నం గానీ రొట్టె గానీ ఉన్నది ఒకటి రమ్మని ముందే చెప్పండి. పూట భోజనంలో అన్నం తగలకపోతే మా తరానికి తిన్నట్టు ఉండదు. శనివారం రాత్రి పాటల హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు, వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్లండి. ఎత్తయిన స్టూళ్లు ఉన్న టేబుల్ ఇవ్వవద్దని, వీపు ఆనే కుర్చీలు కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు రుచి కన్నా ముందు కుర్చీ కావాలి.

గోదావరి గట్టు

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు ఫోన్ చేసి వంటకాల పేర్లతో అడిగాను. ఫోనెత్తినవారు రెండు నిమిషాలు ఆగమని వంటశాలలో కనుక్కుని వచ్చి చెప్పారు. రామెన్ పులుసులో దాషి ఉందట, ముందురోజు చెబితే నాచు, ఎండు పుట్టగొడుగులతో వేరుగా కాస్తామన్నారు. టిరామిసులో గుడ్డు ఉంది, దానికి మార్పు లేదట. బుర్రాటాలో వాడేది మైక్రోబియల్ రెన్నెట్, అంటే జంతువుల నుంచి కాక సూక్ష్మజీవుల నుంచి తీసేది అన్నారు. బుధవారం మధ్యాహ్నానికి కిటికీ పక్క టేబుల్ తీసుకున్నాం. మిసో గుత్తివంకాయ గురించి మాత్రం పొయ్యి సెగ గారు ఏమీ చెప్పలేదు.

పొయ్యి సెగ

అది కుదిరే జతే, ఒక్క మాట అడిగి తెప్పించండి. మిసో సోయా గింజలను పులియబెట్టి చేసే ముద్ద, జపానువాళ్లు వంకాయకు పట్టించి కాల్చుకోవడం పాత అలవాటే. దాషి కలిపి అమ్మే రకం కూడా ఉంటుంది కనుక మీరు వంటశాలను అడిగే ప్రశ్నల్లో దీన్నీ చేర్చండి. మిసోలో ఉప్పు ఎక్కువ, నాన్నగారికి రక్తపోటు ఉంటే పూత పలచగా వేయమనండి. దానితోపాటు ఉత్త తెల్లన్నం ఒక గిన్నె అడగండి, మెనూలో లేకపోయినా ఇస్తారు.