సొమ్ము అందకముందే రెండో మోషన్‌లో సంతకం చేయవచ్చా?

ప్రశ్న (గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి):
అందరికీ నమస్కారం. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులకు మేము పిటిషన్ వేసి ఏడు నెలలైంది. శాశ్వత భరణంగా ఒప్పుకున్న 18 లక్షల రూపాయలలో 6 లక్షలు మొదటి మోషన్ (ఇద్దరి అంగీకారాన్నీ కోర్టు మొదటిసారి నమోదు చేసే విచారణ) నాడే అందాయి. మిగిలిన 12 లక్షలు రెండో మోషన్ (విడాకులు మంజూరయ్యే ముందు ఆ అంగీకారాన్ని మళ్లీ చెప్పే విచారణ) నాడు కోర్టులోనే చెల్లించాలని ఒప్పంద పత్రంలో రాసుకున్నాము. ఇప్పుడేమో పొలం అమ్మకం ఆలస్యమైందనీ, ముందు డిక్రీ (విడాకుల తుది ఉత్తర్వు) తీసుకుంటే మూడు నెలల్లో సొమ్ము సర్దుతామనీ భర్త తరఫువారు పెద్దమనుషుల చేత చెప్పిస్తున్నారు. నేను ఒప్పుకోవచ్చా?

జవాబు (ఒక న్యాయవాది):
ఒప్పుకోవద్దమ్మా. డిక్రీ వెలువడే వరకు ఇద్దరి అంగీకారమూ నిలిచి ఉండాలని సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో స్పష్టంగా చెప్పింది. అంటే, ఆ క్షణం వరకు మీ సంతకానికి విలువ ఉంటుంది. ఆ తరువాత మీకు మిగిలేది వసూలు కోసం తిరగడమే. పెద్దమనుషుల నోటిమాటను ఏ కోర్టూ అమలు చేయించలేదు. పిటిషన్ వేసిన నాటి నుంచి 18 నెలల వరకు రెండో మోషన్‌కు చట్టమే వ్యవధి ఇచ్చింది కాబట్టి, పొలం అమ్ముడయ్యే దాకా వాయిదా కోరండి. అయితే అందుకోసం కోర్టులో వేసే మెమోలో (చిన్న అర్జీలో) అంగీకారాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక్క మాట కూడా రానీయవద్దు. ఇప్పటికే 6 లక్షలు తీసుకున్నారు గనుక, మాట తప్పింది మీరేనన్న వాదనకు అది తావిస్తుంది.

వాయిదాకు వారు ససేమిరా అంటే, అదే చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం భరణం సొమ్ముకు వారి స్థిరాస్తిపై చార్జి (సొమ్ముకు ఆ ఆస్తిని హామీగా కట్టడం) పెట్టమని కోర్టును కోరవచ్చు. పొలం నిజంగా వారి పేరునే ఉంటే ఇందుకు అభ్యంతరం ఎందుకుండాలి? చెల్లించవలసిన తేదీ, ఆలస్యమైతే వడ్డీ, రెండూ డిక్రీలోనే ఉండాలి. అలా ఉంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్ (డిక్రీని అమలు చేయించమని కోరే అర్జీ) వేసి ఆస్తిని జప్తు చేయించవచ్చు. అందుకు 12 సంవత్సరాల గడువుంది. కానీ అది మీకు చివరి దారి మాత్రమే.

జవాబు (ఈ దారిలో నడిచిన మరొకరు):
న్యాయవాది గారి మాటే నాదీ. చెక్కు తీసుకోకండి, డిమాండ్ డ్రాఫ్టే అడగండి. దాని మీద పేరు మీ బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే ఉండాలి. డ్రాఫ్టు మూడు నెలలే చెల్లుతుంది గనుక, ముందే తీసి ఉంచామన్నా తేదీ తప్పక చూడండి. దాని నంబరు, బ్యాంకు పేరు, మొత్తం మీ వాంగ్మూలంలో నమోదయ్యేలా చూసుకుని, నకలు దగ్గర ఉంచుకోండి. ఒప్పంద పత్రం అసలు ప్రతి, ఆధార్, పెళ్లి ఫొటోలు వెంట తీసుకెళ్లండి. డిక్రీ సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకుంటే, బ్యాంకులోనూ పాస్‌పోర్టు కార్యాలయంలోనూ ఇబ్బంది పడరు.

మరొక పాఠకురాలు:
మేము రెండేళ్లుగా విడిగా ఉంటున్నాము, మొదటి మోషన్ ఈ మధ్యనే అయింది. రెండో మోషన్‌కు చట్టం చెప్పిన ఆరు నెలలు ఆగక తప్పదా?

న్యాయవాది:
తప్పనిసరి కాదు. రాజీకి దారి లేదని తేలి, భరణం, పిల్లల సంరక్షణ వంటివన్నీ తేల్చుకున్నవారికి ఆ గడువును కోర్టు మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి మోషన్ తరువాత వారం దాటాక దరఖాస్తు వేయవచ్చు. మీకు రావలసిన సొమ్ము ఇంకా బాకీ ఉంటే మాత్రం, ఆ దరఖాస్తు మీద తొందరపడి సంతకం చేయకండి.

ప్రశ్న అడిగిన సోదరి:
కృతజ్ఞతలు. వాయిదా మెమో వేయమని మా వకీలు గారికి ఈ రోజే చెబుతాను. పొలం పాస్‌బుక్కు నకలు కూడా అడుగుతాను.