వాయిదాలు కట్టడం, వాయిదా పడటం: ఒకే వాక్యంలో రెండూ ఇముడుతాయా?

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర రెండు రోజులుగా ఇరుక్కుపోయాను, సాయం చేయండి. మేం దోహాలో ఉంటాం. ఇక్కడి తెలుగు పిల్లల కోసం ఖతార్ చమురు కథ నాలుగు పేజీల్లో రాస్తున్నాను. 1935 మే 17న ఖతార్ పాలకుడు షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్ అల్ థానీ బ్రిటిష్ వాళ్ల ఆంగ్లో-పర్షియన్ కంపెనీకి 75 ఏళ్ల పాటు చమురు తవ్వుకునే హక్కు రాసిచ్చాడు. సంతకం పెట్టినందుకు 4 లక్షల రూపాయలు, ఆ తర్వాత అయిదేళ్లు ఏటా లక్షన్నర, ఆరో ఏడు నుంచి ఏటా 3 లక్షలు, ఇవి కాక చమురుకి టన్నుకి 3 రూపాయలు. 1938 అక్టోబరులో దుఖాన్ దగ్గర డ్రిల్లింగ్ మొదలైంది, 1940 నాటికి చమురు పడింది. ఇంక డబ్బే డబ్బు అనుకునే వేళకి రెండో ప్రపంచ యుద్ధం ముదిరి, 1942లో బావులు మూసేసి కంపెనీవాళ్లు సర్దుకున్నారు. నేను రాసిన వాక్యం ఇదీ:

"షేక్‌కి రావలసిన సొమ్ము ఏటేటా వాయిదాల్లో వచ్చేలా ఒప్పందం ఉంది, కానీ యుద్ధం వల్ల పనులు వాయిదా పడ్డాయి."

మా ఆయన చదివి "వాయిదా పడింది డబ్బా, పనా?" అని ఒకటే నవ్వు. తప్పు ఎక్కడుందో తెలుస్తోంది గానీ ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నాను.

—

అమ్మా, మీ వాక్యంలో మొదటి వాయిదా సరైనదే, రెండోదే తేడా.

ఈ మాట అరబ్బీ 'వఅద్' నుంచి వచ్చింది, అంటే మాట ఇవ్వడం. ఫారసీ మీదుగా ఉర్దూలోకి వస్తే 'వాదా', అక్కడా ప్రమాణమే. మనదాకా వచ్చేసరికి ఇచ్చిన మాట పోయి, ఆ మాట నిలబెట్టుకోవాల్సిన రోజు మిగిలింది. గడువన్నమాట. ఆ గడువు నుంచి రెండు దారులు చీలాయి. గడువుకి గడువుకీ కట్టే సొమ్ము ఒకటి, ఈ గడువు కాదు ఇంకో గడువు అని జరపడం ఇంకొకటి. రెండింటిలోనూ తారీఖు ఉంది చూడండి, అదీ అసలు సంగతి.

మా చిన్నప్పుడు మా నాన్నకి ఒక పొలం గట్టు తగాదా ఉండేది. కోర్టులో పిలిచే రోజు పొద్దున్నే గుడ్డసంచిలో కాగితాలు, పైన పెరుగన్నం డబ్బా పెట్టుకుని బస్సెక్కేవాడు. ఎవరైనా అడిగితే "వాయిదా ఉంది" అనేవాడు. సాయంత్రం తిరిగొచ్చి చెప్పు విప్పుతూ "వాయిదా పడింది" అనేవాడు. పొద్దున ఆ మాటకి 'ఇవాళే' అని అర్థం, సాయంత్రానికి 'ఇవాళ కాదు' అని. మాకు మాత్రం అందులో వింతేమీ కనపడేది కాదు, ఎందుకంటే సంచిలో కాగితం మీద పెన్సిల్‌తో కొత్త తారీఖు రాసుండేది.

ఇప్పుడు 1942 సంగతి చూడండి. బావులు మూసిన రోజున మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పగలిగినవాడు లేడు. ఉక్కు లేదు, ఓడలు లేవు, మనుషులు లేరు, పైగా జర్మన్లు కాకసస్ దాటి వస్తే ఆ బావులు వాళ్ల చేతికి చిక్కుతాయని భయం. అంతకుముందే 1940 అక్టోబరులో ఇటలీ విమానాలు బహ్రెయిన్ దాకా వచ్చి బాంబులు వేసి పోయాయి. తారీఖు లేని చోట వాయిదా అనకూడదు. అసెంబ్లీ వాళ్లు ఆ చిక్కు తప్పించుకోవడానికే 'నిరవధిక వాయిదా' అని కల్పించుకున్నారు, నన్నడిగితే అది 'గడువు లేని గడువు' అన్నట్టే ఉంటుంది. మీరు 'పనులు ఆపేశారు' అని రాయండి, పిల్లలకి అది చాలు. 'నిలిపివేశారు' అన్నా సరే. 'స్తంభించాయి' మాత్రం వద్దు, వాటంతట అవే ఆగిపోయినట్టు ఉంటుంది.

—

మాస్టారూ, వివరణ బాగుంది. నాదొక సందేహం. షేక్‌కి ఇచ్చే సొమ్ముని 'రాజభరణం' అనొచ్చుగా? అందమైన మాట, ఊరికే పడుంది.

—

వద్దండీ. రాజభరణం రాజ్యం వదులుకున్నవాడికి ఇచ్చేది, మన సంస్థానాధీశులకి ఇచ్చి 1971లో తీసేశారు. ఇక్కడ షేక్ దేన్నీ వదులుకోలేదు, తన నేలని కౌలుకి ఇచ్చాడు. పుచ్చుకునే చెయ్యి ఒకటే అయినా హోదా వేరు. ఏటా వచ్చేది 'కౌలు' అనండి, లేదంటే 'ఇజారా సొమ్ము' అనండి. ఇజారా కూడా అరబ్బీయే, ఖతార్ వాడికి చెప్పినా తెలుస్తుంది.

—

నేను చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలో లెక్కలు రాస్తాను. మీరంతా ఒక ముఖ్యమైన తేడా వదిలేస్తున్నారు. టన్నుకి 3 రూపాయలు అన్నది వేరు, ఏటా 3 లక్షలు అన్నది వేరు. మా భాషలో మొదటిది రాయల్టీ (సీనరేజి అని కూడా అంటాం), రెండోది డెడ్ రెంట్. రాయి కదిలితేనే రాయల్టీ. డెడ్ రెంట్ అలా కాదు, క్వారీలో మిషన్ తిరగకపోయినా, వానకి గుంట నిండి చెరువైనా, లీజు చేతిలో ఉన్నందుకు కట్టాల్సిందే. మాకు రెంటిలో ఏది ఎక్కువైతే అది కడతాం. మీ కథలో బావి మూసేశాక రాయల్టీ అన్నది ఎలాగూ పుట్టదు. గట్టిగా మాట్లాడుకోవాల్సి వచ్చేది ఆ ఏటా ఇచ్చే సొమ్ము గురించే. పిల్లలకి చెప్పేటప్పుడు ఈ రెంటినీ కలిపి 'డబ్బు' అనేస్తే కథలో పస పోతుంది. డెడ్ రెంట్‌కి తెలుగు అడక్కండి, మా మేస్త్రి 'చచ్చిన అద్దె' అంటాడు :)

—

ఈ తేడా నిజంగా ముఖ్యం. కువైట్‌లోనూ ఇదే అమరిక. అక్కడి పాలకుడు షేక్ అహ్మద్ 1934 డిసెంబరు 23న సంతకం చేశాడు, అప్పుడు 4,75,000 రూపాయలు, చమురు పడేదాకా ఏటా 95 వేలు, పడ్డాక ఎంత తక్కువైనా రెండున్నర లక్షలు, టన్ను లెక్క మళ్లీ 3 రూపాయలే. 1938 ఫిబ్రవరిలో బుర్గాన్‌లో చమురు ఎగజిమ్మింది. అయినా మొదటి ఓడ కదిలింది 1946 జూన్ 30న. ఎనిమిదేళ్లు! ఆ రోజు షేకే వెండి చక్రం తిప్పి వాల్వు తెరిచాడట. ఖతార్‌లో ఇంకా ఆలస్యం, 1949 డిసెంబరు 31 దాకా ఓడ కదల్లేదు, అప్పటికి అబ్దుల్లా గద్దె కొడుక్కి అప్పజెప్పి నాలుగు నెలలైంది. సంతకం చేసిన చెయ్యి ఒకటి, టన్ను లెక్క అందుకున్న చెయ్యి ఇంకొకటి. జపాన్ ముత్యాలొచ్చి ముత్యాల బేరం పడిపోయిన ఊళ్లలో ఆ ఏటా వచ్చే సొమ్ము ఎంత పెద్దదో ఊహించుకోండి.

—

'రూపాయలు' అన్న చోట 'భారతీయ' అని చేర్చండి అక్కా. పిల్లలు రియాళ్లు అనుకుంటారు. అప్పట్లో ఈ గల్ఫ్ షేక్‌ల రాజ్యాల్లో మన రూపాయే చెల్లేది, 1959 నుంచి మన రిజర్వు బ్యాంకే వేరుగా అచ్చేసిన గల్ఫ్ రూపాయి వచ్చింది, అది ఖతార్‌లో 1966 దాకా నడిచింది.

—

అందరికీ ధన్యవాదాలు, ముఖ్యంగా క్వారీ అన్నకి. ఇలా మార్చాను:

"ఏటా ఇచ్చే కౌలు సొమ్ము చమురు తీసినా తీయకపోయినా ఒప్పందంలో ఉన్నదే. టన్ను లెక్క సొమ్ము మాత్రం చమురు ఓడెక్కితేనే. 1942లో బావులకి సిమెంటు బిరడాలు వేసి పనులు ఆపేశారు, మళ్లీ ఎప్పుడో ఎవరూ చెప్పలేదు."

'కిస్తీ' అని కూడా అనుకున్నాను. ఇక్కడి షాపుల్లో ఫ్రిజ్ మీద 'తక్సీత్' అని రాసి ఉంటుంది కదా, అదీ మన కిస్తీ చుట్టమే. కానీ పిల్లలకి ఈఎంఐ గుర్తొస్తుందని మానేశాను. దుఖాన్ అంటే దుకాణమా అని ఒక పాప అడిగింది, కాదు, పొగ అని చెప్పాను. మా అబ్బాయి బిరడా అంటే ఏంటి అన్నాడు. ఇంట్లో ఒక్క సీసాకీ బిరడా లేదు, అన్నీ తిప్పే మూతలే. చివరికి ఫ్లాస్కు మూత పీకి చూపించాను.