అప్‌డేట్: అమ్మ డెంగీ క్లెయిమ్ డబ్బు వచ్చింది

అమ్మ డెంగీతో ఆస్పత్రిలో ఉంటే, బిల్లులు హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ యాప్‌లో ఎక్కించిన కాసేపటికే "అడ్మిషన్ అవసరం లేదు" అని క్లెయిమ్ తిరస్కరించారని, ఇది ఏఐ పనేనా అని అడిగాను కదా. ఆ విషయం.

కస్టమర్ కేర్‌కి ఎప్పుడు చేసినా "సిస్టమ్ డెసిషన్ అండీ" అనే ఒకటే పాట. మీలో ఒకరు చెప్పిన ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ) 2024 మాస్టర్ సర్క్యులరే పనిచేసింది. కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా హెల్త్ క్లెయిమ్ తిరస్కరించకూడదు, ఏ షరతు కింద తిరస్కరించారో కూడా రాయాలి. అంటే క్లెయిమ్‌ని ముందు పరిశీలించేది ఏఐ అయినా, కాదనాల్సింది మనుషులే.

కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టి రెండే అడిగాను: కమిటీ ఎప్పుడు చూసింది, ఏ క్లాజు? ప్లేట్‌లెట్ రిపోర్టులు, ఎందుకు చేర్చుకున్నారో డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేశాను. ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేశాను. తర్వాత బీమా కంపెనీ డాక్టరు ఫోన్ చేసి, రిపోర్టుల గురించి అడిగి, మళ్లీ చూస్తామన్నారు. గ్లవ్స్, సిరంజీల్లాంటివి కోసేసి మిగతాది వేశారు. బీమా గొడవలు తేల్చే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లే టెన్షన్ తప్పింది.

ఏఐ పనేనా అన్నదానికి మాత్రం జవాబు ఇవ్వనేలేదు.